పియానో మాస్టారి చెవి

ఏమిటే, గొంతు అలా బొంగురుపోయింది? మొదటి రోజే అరిపించేశారా? కూర్చో, ఆ గోరువెచ్చటి నీళ్లు తాగు. గడగడా కాదు, కొంచెం కొంచెంగా. ఈ సలహా నాది కాదులే, మా పియానో మాస్టారిది. నవ్వకు. మేమూ నీలాగే వేసవి సెలవుల్లో ఆరు వారాలు పాటల నాటకం నేర్చుకున్నవాళ్లమే. నాకప్పుడు బి.ఏ. మొదటి ఏడు అయింది. గొంతెలా ఉండేదంటావా? నన్ను చెట్టు వేషంలో నిలబెట్టారు, అదీ నా గొంతు. రెండో అంకంలో గాలి వీచినప్పుడు ఊగాలి, అంతే. ఇంట్లో అద్దం ముందు సాధన చేస్తుంటే మీ ముత్తాత చూసి, "నిన్ను కాలేజీలో చేర్పించింది ఊగడానికట్రా?" అన్నారు. ఏం చెబుతాం, ఊగుతూనే తలదించుకున్నాను.

ఆ... మాస్టారు. ఆయన అసలు వృత్తి గడియారాలు బాగుచేయడం. తలుపంత వెడల్పున్న కొట్టు, ఒక స్టూలు, కంటికి బిగించుకునే భూతద్దం. వేసవి వచ్చిందంటే మధ్యాహ్నం రెండింటికి కొట్టు మూసేసి బడికి వచ్చేవారు. సెలవుల్లో బడి ఖాళీ కదా, అక్కడే మా శిక్షణ. బెంచీలన్నీ ఓ మూలకి తోసి, సుద్ద గీతలు గీసి, ఇదిగో ఇక్కడ్నించి ఇక్కడిదాకా స్టేజీ అనేవారు. మూలన పియానో. దానికి నాలుగు చక్రాలుండాలి, మూడే ఉండేవి, నాలుగోదాని చోట చెక్కముక్క. పాతది, ఏడాదికోసారి తీగలు వదులైపోయి శ్రుతి దిగిపోయేది. ఏటా శిక్షణ మొదలయ్యే ముందురోజు మాస్టారు వచ్చి తీగలు బిగించేవారు. దానికో ఫోర్కు ఉంటుంది, రెండు కొనల ఉక్కు కడ్డీ. మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే ఒకే ఒక్క స్వరం, ఎప్పుడు కొట్టినా అదే. దాన్నిబట్టి మిగతావన్నీ బిగించుకుంటూ పోవాలి.

ఆ ఏడు ఏమైందంటే, మా డైరెక్టరమ్మ నోరు జారింది. మంచావిడే, కానీ మాట కత్తెర. "మాస్టారూ, మీకు వయసు మీద పడింది, ఈసారి పియానో శ్రుతి చేయడానికి వేరే మనిషిని పిలిపించనా?" అంది. ఇంకేముంది! "ముప్పై ఏళ్ల చెవి అమ్మా ఇది. మనిషీ అక్కర్లేదు, ఫోర్కూ అక్కర్లేదు" అని, ఫోర్కు కొట్లో సొరుగులో పడేసి, ఒట్టి చెవితో బిగించేశారు. పంతం! గడియారాలవాడికి పంతం ఉండకూడదు తల్లీ.

మా అందరిలో గొంతంటే ఇస్త్రీ పిల్లది. వాళ్లమ్మది ఇస్త్రీ కొట్టు, ఈ పిల్ల పొద్దస్తమానం ఇస్త్రీ పెట్టె ముందు నిలబడి పాడుతూ ఉండేది. ప్రధాన పాత్ర దానికే ఇచ్చారు. ఆఖరి పాట ఆఖరి స్వరం మాత్రం కొండకొమ్ము. నాలుగు వారాలపాటు అక్కడికొచ్చేసరికి దగ్గేది. మాస్టారు కోప్పడేవారు కాదు. "స్వరాన్ని తరమకు అమ్మాయ్, అదే వస్తుంది, నువ్వు తలుపు తీసి ఉంచు" అనేవారు. ఐదో వారంలో ఒకరోజు అందుకుంది. గదంతా కేకలు. నేను చెట్టునని మరిచిపోయి గెంతాను. ఆ పిల్ల మాత్రం ఏడుస్తూ వెళ్లి వాళ్లమ్మకి చెప్పింది. ఆవిడ పెళ్లయ్యాక ఏనాడూ కొట్టు మూయని మనిషి. "నాటకం రోజు మూసేస్తా, ముందు వరసలో కూర్చుంటా" అందట.

నాటకం ఆడేది టౌనుహాల్లో, మామూలుగా వారం ముందే అక్కడ సాధన పెట్టేవాళ్లు. ఆ ఏడు హాలుకి రంగులేస్తున్నారని తాళం. నాటకం రోజు పొద్దున గానీ లోపలికి రానివ్వలేదు. అక్కడ హాలు వాళ్ల పియానో, నల్లగా నిగనిగలాడుతోంది. మాస్టారు కూర్చున్నారు, ఇస్త్రీ పిల్ల పాడింది. ఆఖరి స్వరం దగ్గర గొంతు కుండ పగిలినట్టు పగిలింది. మళ్లీ పాడింది, మళ్లీ అంతే. మూడోసారి పాడనంది. "నా గొంతు పోయింది మాస్టారూ" అని ఓ మూలకెళ్లి కూర్చుంది. డైరెక్టరమ్మ గడియారం చూసుకుంది. డాక్టరుగారమ్మాయికి ఆ పాత్ర అంతా వచ్చు, అవసరానికి ఉంటుందని నేర్పి పెట్టారు. "సాయంత్రం నువ్వే" అంది.

మాస్టారు మాత్రం ఒకే మీట నొక్కుతూ కూర్చున్నారు. టింగ్. ఆగడం. టింగ్. ఉన్నట్టుండి లేచి బయటికి వెళ్లిపోయారు. ఎక్కడికంటే కొట్టుకి. సొరుగులోంచి ఫోర్కు తీసుకుని ముందు బడికెళ్లి, తర్వాత హాలుకొచ్చారు. చొక్కా అంతా చెమట. మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు, హాలు పియానో మీట నొక్కారు. రెండూ ఒకటే. "బళ్లో పియానో శ్రుతి అర మెట్టు కిందుంది" అన్నారు. అంటే అదే పాట హాల్లో అర మెట్టు పైకి పాడాలన్నమాట. డైరెక్టరమ్మకి వెంటనే అర్థమైంది. ఆయన్ని పక్కకి పిలిచి, నేను తెర వెనకే ఉన్నాను కాబట్టి విన్నాను, మెల్లిగా అంది: "ఊరుకోండి మాస్టారూ. పిల్లని మార్చేశాం కదా. ఇది బయటికొస్తే వచ్చే ఏడు నాటకం కమిటీ వాళ్లు మిమ్మల్ని ఉంచరు." ఆవిడ మంచికే చెప్పింది. ఆ మాటకి ఆయన సరేనంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ పిల్ల గొంతే చెడిందనుకునేది, అంతే కదా.

ఆయన స్టేజీ మధ్యకి వచ్చి చప్పట్లు కొట్టి అందర్నీ పిలిచారు. "అమ్మాయ్, లే. చెడింది నీ గొంతు కాదు, నా చెవి. మీ అందరికీ ఆరు వారాలు తప్పు శ్రుతిలో నేర్పాను" అన్నారు. మా నాటకానికి వయొలిన్ వాయించే ఆయన, "అయితే పాటలన్నీ అర మెట్టు దించి వాయించండి" అన్నాడు. మాస్టారు చేతులు చూపించారు. "పద్నాలుగు పాటలు, ఈ చేతులతో, అప్పటికప్పుడు మార్చి వాయించలేను నాయనా." అప్పుడు డాక్టరుగారమ్మాయి అంది: "అయితే ఆ పియానోనే తెచ్చేద్దాం!" సాయంత్రం వేషం తనకి దక్కబోతోందే, అదే అంది! నేను నోరెళ్లబెట్టి చూస్తుంటే, "ఏం చెట్టూ, పాతుకుపోయావా? పద" అని కసిరింది.

మూడు వీధులు తల్లీ. ఇరవై ఇద్దరం. చెక్కముక్క కాలు రోడ్డు మీద గీసుకుంటూ పోతుంటే పంది అరిచినట్టు చప్పుడు. సగం మందికి వేషాలు, ఒకడికి ఒక పక్కే మీసం. మంగలాయన కత్తి చేత్తో పట్టుకునే బయటికొచ్చి, "ఎవరిదర్రా ఆ శవం?" అన్నాడు. మలుపులో అది మా మీదికి ఒరిగితే ఇస్త్రీ పిల్లే భుజం ఆనించి నిలబెట్టింది. హాల్లో వయొలిన్ ఆయన తీగలు వదులు చేసుకున్నాడు, డ్రమ్ము వాయించేవాడికి ఏ శ్రుతైనా ఒకటే. సాయంత్రం ఆ పిల్ల పాడింది. ఆఖరి స్వరం... ఏం చెప్పను! వాళ్లమ్మ ముందు వరసలో లేచి నిలబడిపోయింది, వెనకవాళ్లు కూర్చోమన్నా కూర్చోలేదు.

డైరెక్టరమ్మ చెప్పినట్టే అయింది. మరుసటి ఏడు కొత్తాయన్ని పెట్టారు, పియానో కూడా బాగుచేయించారు. కానీ ఆ పిల్లకి మనసులో ముల్లు, ఆ ఆఖరి స్వరాన్ని తను నిజంగా అందుకోలేదని. ఏడాదంతా కొట్టు పని అయ్యాక ఆయన దగ్గరికెళ్లి, ఫోర్కు పెట్టుకుని సాధన చేసింది. మళ్లీ వేసవిలో, అదే పాట, ఈసారి హాలు పియానో మీదే పాడింది. నేను ప్రేక్షకుల్లో, ఆఖరి వరసలో, మాస్టారి పక్కనే ఉన్నాను. ఆఖరి స్వరం అయింది. చప్పట్లే చప్పట్లు. ఆయన మాత్రం నా చెయ్యి పట్టుకుని, "అందుకుందా?" అన్నారు. "అందుకుంది మాస్టారూ" అన్నాను. "సరిగ్గా చెప్పు. నా చెవిని నేను నమ్మలేను, నువ్వు చెప్పు." చెట్టు వేషం వాడిని పట్టుకుని అడుగుతున్నారు తల్లీ, ముప్పై ఏళ్లు ఊరందరికీ శ్రుతి చెప్పిన మనిషి! "అందుకుంది మాస్టారూ, సరిగ్గా అందుకుంది" అన్నాను. ఆయన వెనక్కి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. నిజానికి నాకేం తెలుసు? ఆ చప్పట్లు విని అనేశాను, అంతే.

ఆ గ్లాసిలా ఇవ్వు. నీళ్లు చల్లారిపోయాయి, ఇంకాసిని వేడి చేసుకొస్తాను.