గేటు దగ్గర పట్టిన ఫోన్ల గుట్ట

బడి గేటు కాపలాదారుకు టీ కొట్టు బల్ల దొరికితే చాలు, నోటికి పగ్గాలుండవు. వీధి వీధంతా అతన్ని కోతలరాయుడనే పిలుస్తుంది. బడిలో ఫోన్లు నిషేధించిన మొదటి రోజు సాయంత్రం అతని పక్కన దర్జీ కూర్చున్నాడు, చేతిలో టీ పెట్టుకుని, తాగకుండా. ఆ మధ్య దర్జీ కూతురు తరగతిలో పాఠం చదువుతూ నత్తితో తడబడితే ఎవడో ఫోన్లో వీడియో తీశాడు. బడంతా చూసి నవ్వింది. అప్పట్నుంచీ గడప దాటని పిల్ల, నిషేధం అన్నాకే ఇవాళ మళ్ళీ బడికెళ్ళింది. ఇవాళ కూడా ఎవడైనా తీశాడా? దర్జీకి అదొక్కటే తెలియాలి.

"అన్నా, ఫోన్లు నిజంగా లోపలికి పోలేదా?"

"నేనుండగా చీమైనా దూరుతుందా? పొద్దున్నే ఒకడు కుంటుకుంటూ వచ్చాడు. ఏంట్రా అంటే మేకు గుచ్చుకుందన్నాడు. సాక్సు విప్పించా. ఏముంది, ఫోను!"

"శభాష్," అన్నాడు టీ కొట్టాయన.

"అప్పుడే శభాష్ ఏంటి? ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాసన పట్టేశా! ఫోన్‌కో వాసనుంటుందిలే, మీకు తెలీదు, ఆ ముక్కు పుట్టుకతో రావాలి. కుర్చీలోంచి లేవకుండానే, నీది క్యారేజీ అడుగున, నీది జడలో, నీది డిక్షనరీ పొట్టలో అని చెప్తుంటే, పిల్లలు ఏడుస్తూ తెచ్చి పడేస్తున్నారు. గుట్ట నా మోకాలు దాటింది, గేటు దాటింది, మేడ మీద నీళ్ళ ట్యాంకును తాకింది..."

"మా పిల్ల తరగతి వాళ్ళవీ ఉన్నాయా అందులో?"

"ఆగవయ్యా, అసలు కథ ఇప్పుడే మొదలు! సరిగ్గా ప్రార్థన వేళకి ఆ ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. గోడలు వణికాయి. పైన పోతున్న కాకులు చెవులు మూసుకున్నాయి."

"రెక్కలతోనా? మరి ఎగరడమెలా?" అన్నాడు టీ కొట్టాయన.

"అందుకేగా టపటపా రాలాయి! ఆకాశంలో తిరిగే ఉపగ్రహం కూడా దారి తప్పి మన బడి మీదే ఆగిపోయింది. లోకంలో ఎక్కడా సిగ్నల్ లేదు. అప్పుడు నేను గుట్టెక్కి, గుండెల నిండా గాలి పీల్చి, ఒక్కటే 'హలో' అన్నా. అంతే, అన్నీ గప్‌చుప్! ఉపగ్రహం నాకు దండం పెట్టి దాని దారిన అది పోయింది."

దర్జీకి ఏడుపొక్కటే తక్కువ. ఇందులో ఆ సాక్సు సంగతైనా నిజమో కాదో!

బడి ఊడ్చే ఆయమ్మ పక్క బల్ల మీంచి లేచింది. "చాల్లేవయ్యా! పిల్లలు ఒక్క ఫోనూ తేలేదు, అందరూ ఇంట్లోనే పెట్టొచ్చారు. పట్టుబడింది ఒక్కటే. సంచులు వెతుకుతూ, తన ఘనకార్యాన్ని తనే వీడియో తీసుకుంటున్నాడీ మహానుభావుడు. పెద్ద టీచరమ్మ లాక్కుని బీరువాలో పెట్టి తాళమేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది."

కోతలరాయుడి చెయ్యి దానంతటదే ఖాళీ జేబు మీదికి పోయింది. కొట్టంతా గొల్లున నవ్వింది.

ఆయమ్మ దర్జీ వైపు తిరిగింది. "నీ కూతురు ఇవాళ పాఠం చదివింది తమ్ముడూ. వరండా ఊడుస్తూ విన్నాను. మధ్యలో ఆగిపోయింది."

"నవ్వారా?"

"నవ్వారు. పిల్లలన్నాక నవ్వరా? కానీ ఆ నవ్వు ఆ గదిలోనే అయిపోయింది. నీ కూతురు చివరిదాకా చదివే కూర్చుంది."

దర్జీకి ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తుడుచుకుని, చల్లారిన టీ గటగటా తాగేశాడు. తర్వాత కోతలరాయుడి భుజం తట్టి, అతనికి ఇంకో టీ చెప్పాడు.

"కానివ్వన్నా, ఉపగ్రహం దాకా వచ్చాంగా. ఇప్పుడు చెప్పు, తీరిగ్గా వింటాను."