పట్టాభిరామయ్య సారు ఏరిన గిటార్

ఆ ఫోను జర పక్కన వెట్టు సిరీ. పొద్దటికెల్లి అండ్ల గిటార్లే సూస్తున్నవ్. ఒకడు గిది కొనుమంటడు, ఇంకొకడు గది కొంటె ఆగమైతవంటడు. ముందుగాల చాయ్ తాగు. ఏం వాయిస్తనన్నవ్, జాజ్ సంగీతమా? తీగ మీటే పిక్కు గిట్ల పట్టకుంట ఒట్టి వేళ్ళతోనా? అయితె నువ్వు పుట్టుడే ఆలస్యమైంది బిడ్డా. మన నాచారంల గసొంటి గిటార్ ఏరాలంటె ఒక్కడే ఉంటుండె, పట్టాభిరామయ్య సారు. అగో, ఆ మూలమీది పసుపు బిల్డింగ్, ఇప్పుడు కింద పిల్లల డ్రెస్సుల దుకాణం పడ్డది సూడు, గదే ఆయన ఇల్లు. ఏంది, మస్తు వాయిస్తుండెనా అంటవా? జిందగీల ఒక్క తీగ ముట్టలే. లెక్కల లెక్చరరు. రాజమండ్రి దిక్కుకెల్లి నౌకరికి వచ్చి, ఈడనే రిటైరై, ఈడనే ఇల్లు కట్టిండు. అసలు ముచ్చటేందంటె, ఆయనకు గిటార్ అంటెనే పడకపోతుండె.

మీది పోర్షన్ల గిరిప్రసాద్ కిరాయికుంటుండె. లాలాపేట్ పిలగాడు, రైల్వేల క్లర్కు. చిన్నప్పుడు రైల్వే క్వార్టర్లల ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర ఈ జాజ్ అంటిచ్చుకున్నడు. నేర్సుకున్నడని అనను, రోగం పట్టినట్టే పట్టింది. బొటనేలు కింద తాళం లెక్క నడుస్తుంటది, నడిమి వేళ్ళు నడిమి పని జేస్తుంటయ్, మీది వేలు పాట పాడుతుంటది. ముగ్గురి పని ఒక్క చెయ్యే. డ్యూటీ దిగి రాంగనే ముందుగాల గిటార్, తర్వాతనే నీళ్లు తాగుడు. అది ఇంత పెద్ద పొట్టది, గల్లీ మొదలుకాడికి వినపడుతుండె. కింద సారు పేపర్ సదువుకుంట సదువుకుంట లేసి, బూజుకట్టె తీస్కొని స్లాబును ఠక్ ఠక్ మని పొడుస్తుండె. మీద జరసేపు ఆగుతుండె, మళ్ల సురువు. గట్ల రెండేండ్లు నడిసింది ఆ కొట్లాట.

ఒకనాడు సారే మెట్లెక్కి మీదికి వచ్చిండు. ఆయన గొంతు సన్నగ, క్లాసుల చెప్పినట్టు చెప్తుండె. “నెలాఖరు దాకా చూస్తాను గిరిప్రసాదూ. అది పోతే నువ్వుంటావు. అది ఉంటే నువ్వు పోతావు.” గంతే, దిగిపోయిండు. ఇగ గిరిప్రసాద్ పెండ్లాం కమలకుమారి లేసింది. గప్పుడు నాచారంల ఎండాకాలమొస్తె బిందెలు పట్టుకొని ట్యాంకర్ల ఎంబడి ఉరుకుడే కదా, సారింట్ల బోరు మాత్రం ఎండకపోతుండె. నీళ్లున్న ఇల్లు ఇడిసిపెట్టి నేను రాను, గిటారే అమ్మెయ్ అన్నది. ఆమె తప్పు గూడ లేదు. గిరిప్రసాద్ నా అరుగు మీద వచ్చి కూసున్నడు, మొఖం సూస్తె దవాఖానల చెడు కబురు ఇన్నోని లెక్క ఉన్నది. ఆ గిటార్ పోతె ఆయనకు ఇంకేం లేదు బిడ్డా, ఆఫీసు, ఇల్లు, గంతే.

ఏమనుకున్నడో ఏమో, తెల్లారి పోయి సారు ముంగట నిలబడ్డడు. సార్, చిన్న గిటార్ తెచ్చుకుంట, చప్పుడు తక్కువుంటది, మీ చెవికి ఏది పడదో నాకెట్ల ఎరుక, మీరే వచ్చి ఏరుండ్రి అన్నడు. సారు లోపటికి పోయి ఇస్త్రీ అంగి తొడుక్కొని వచ్చిండు. న్యాయమైన మాటకు కాదనే మనిషి కాదు. గిరిప్రసాద్ సారును స్కూటర్ ఎనక కూసుండవెట్టుకొని సికింద్రాబాద్ పోయిండు. హబ్సిగూడల మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజులు, రోడ్డంత తవ్విపెట్టిన్రు, దుమ్ము అంటె దుమ్ము. గా పిల్లర్లకు ఎన్నేండ్లు పట్టిందో… సరే, అదిడిసిపెట్టు. నేను గూడ నా బండేసుకొని ఎంబడి పోయిన, కొట్లాడుకుంటె ఇడిపియ్యనీకి.

దుకాణంల సారు ఏం జేసిండనుకున్నవ్? దర్వాజ కాడ గోడ దిక్కు మొఖం పెట్టి నిలబడ్డడు. గిటార్ సూడనే సూడలే. చూస్తే మెరుపు చూసి మోసపోతామయ్యా, నువ్వు వాయించు అన్నడు. దుకాణపాయన మంచి మంచియి తీసిండు. పెద్ద పొట్టది వాయిస్తె, ఇది అరుస్తోంది అన్నడు సారు. నల్లగ నిగనిగలాడేది వాయిస్తె, ఇది వంటింట్లో పళ్లెం పడ్డట్టుంది అన్నడు. తర్వాత తిరిగి సూడకుంటనే అన్నడు: “అట్లా కాదు. ప్రతి మంగళవారం ఒకటి వాయిస్తావు, మధ్యలో ఒకచోట ఎప్పుడూ తడబడతావే, అది వాయించు.”

గిరిప్రసాద్ చెయ్యి ఆడనే ఆగిపోయింది. నా దిక్కు సూసిండు, నేను ఆయన దిక్కు సూసిన. రెండేండ్ల సంది కింద కూసొని ఏ వారం ఏ పాట, ఏడ తప్పు పోతుండు, అన్నీ యాదికి పెట్టుకున్నడు ముసలాయన. నాకు నవ్వాగలే, బయటికి పోయి నవ్విన.

ఆఖరికి ఒకటి దొరికింది. సన్న నడుముది, మీది చెక్క ఎర్రగుంటది, సీడర్ అంటరట. మెత్తగ ముట్టినా పలుకుతది. మెడ జర ఎడల్పు, తీగకు తీగకు నడుమ వేలు పట్టే సందున్నది. గది యాదికుంచుకో నువ్వు, వేళ్ళతోని వాయిస్తె గా సందే పాణం. గొంతు చిన్నది సార్, పదిమంది పాడే కాడ వినపడదు అన్నడు దుకాణపాయన. సారు ఇన్నడు, ఇన్నడు, గప్పుడు తిరిగిండు. బొటనవేలు, నడిమి వేళ్ళు, పై వేలు, ముగ్గురూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడకుండా మాట్లాడుకుంటున్నారు, ఇదే మన ఇంటికి అన్నడు. మన ఇంటికి అన్నడు సూడు.

ఇంక ఒక్కటే మిగిలింది. తీగ మీద వేలు జారితె కీచుమంటది కదా, అసలు సారు బూజుకట్టె లేపేది ఆ కీచుకేనట. దుకాణపాయన లోపలికెల్లి వేరే తీగలు తెచ్చిండు. మామూలు తీగకు సుట్టు గరుకుగుంటది, వీటికి పట్టీ లెక్క సాపుగ సుట్టిన్రు, ఎంత జారినా సప్పుడు లేదు. మెరుపు తక్కువ, గొంతు జర ముదురు. గిరిప్రసాద్ ఒక్కటే నవ్వుడు. జాజ్ కు గివే ఎయ్యిరా అని ఆ గార్డు ఎన్నడో చెప్పిండట, ఈన ఇనలే, గలగల కావాలని పట్టుబట్టిండట. గురువు మాట ఇననోడు ఓనరు మాట ఇన్నడు.

ఇగ ఇల్లు నిలిసింది, గిటార్ నిలిసింది, కమలకుమారి బోరు నీళ్లతోని వాకిలి రెండుసార్లు కడుగుతుండె. కింద బూజుకట్టె మూలకు పడ్డది. కొన్నొద్దులు పోయినంక సారు ప్లాస్టిక్ కుర్చీ చంకల పెట్టుకొని మీదికి వచ్చిండు. కిందికి వినపడ్డం లేదయ్యా అని, కుర్చీ ఏసుకొని కూసున్నడు. రోజూ గదే. గప్పటికెల్లి హబ్సిగూడ నుంచి మేడిపల్లి దాంక ఎవలు గిటార్ కొన్నా సారును బండెక్కిచ్చుకొని పోవుడే. ఆయన గోడ దిక్కు తిరుగుడే.

తర్వాత మోకాళ్లు పోయినయ్, మంచం పట్టిండు. గిరిప్రసాద్ పాణం ఆగక గిటార్ పట్టుకొని కిందికి దిగిండు, పక్కన కూసొని వాయిస్తనన్నడు. సారు వద్దన్నడు. “ఎదురుగా కూర్చుంటే జాగ్రత్తగా వాయిస్తావు. పైకి పో. ఆ పాత కీచు తీగలే వేసుకో, వినపడాలి కదా.”

ఏసిండు. మీది పోర్షన్ల, సక్కగ సారు మంచానికి నెత్తి మీదొచ్చే జాగల, ఒట్టి నేల మీద కూసొని మంగళవారం పాట ఎత్తుకున్నడు. నేను కింద సారు దగ్గరున్న. ఆ జాగ రానే వచ్చింది, తడబడ్డడు. సారు మంచం పక్కనున్న బూజుకట్టె పట్టుకొని, స్లాబును ఠక్ మని ఒక్కటి పొడిసిండు. మీద పాట ఆగిపోయింది. సారు పరేషాన్ అయిండు. ఆపమని కాదు తిరుపతీ, మళ్ళీ అని, పోయి చెప్పు అన్నడు నాతోని. నేను ఉరికిన. మెట్లెక్కుకుంటనే చెప్పిన, మళ్ల అంటుండురా, మళ్ల…

…చాయ్ సల్లారింది గదా. లే, గిటార్ దుకాణం తెరిసే యాళ్లయింది, మెట్రోల పోదాం. నువ్వు వాయించు, నేను గోడ దిక్కు తిరిగి నిలబడ్త.