రుజువు కాలేదు

నన్ను ఉరి తీసేసినా బాగుండేది దొరగారూ. మీరు కోప్పడతారని ఇన్నాళ్ళూ అనలేదు. ఇప్పుడెలాగూ మీకు మాట పడిపోయింది, తిట్టలేరు కదా. గడ్డం కాస్త పైకెత్తండి. ఆఁ, అంతే.

చేశాడంటే ఒక దారి, చెయ్యలేదంటే ఒక దారి. ఇంగ్లండోళ్ళకి లేని మూడో తీర్పొకటి మన స్కాట్లండులో ఉందిగా. రుజువు కాలేదంట. పదిహేనుమంది జ్యూరీ ఆ మాట చెప్పగానే మీరు నా భుజం తట్టారు. గెలిచాం గావిన్ అన్నారు. ఎవరండీ గెలిచింది?

పిండిమర యజమాని పర్వ్స్ తాగి కాలవలో పడి చచ్చాడు. ముందురోజే నన్ను పనిలోంచి తీసేశాడు. అంతేగా? నేను తొయ్యలేదు. జైల్లో మీకు చెప్పబోతే, నాకు చెప్పకురా, అది నాకక్కర్లేదు అన్నారు. లాయర్లంతా అంతేనేమో, నాకేం తెలుసు.

మీకు మాత్రం అప్పట్నించే కలిసొచ్చింది. అన్నగారు గుర్రం మీంచి పడి చనిపోయారు, బిరుదూ ఈ బంగళా మీకొచ్చాయి. సర్ నినియన్ లాక్‌రిగ్ అయ్యారు. తర్వాత ఎలక్షన్లు. పేదోణ్ణి ఉరికంబం మీంచి దించానని ఊరూరా చెప్పుకున్నారు. నేనూ సంతలో నిలబడి విన్నా. ఇంతకీ వాడు చంపాడా లేదా అని ఎవడో అరిచాడు. మీరు నవ్వేసి, "పదిహేనుమందికి తెలీంది నాకేం తెలుసయ్యా" అన్నారు. జనం పడీపడీ నవ్వారు. మీరు పార్లమెంటుకెళ్ళారు. నేను ఇంటికెళ్ళా.

మళ్ళీసారి ఓడిపోయారనుకోండి. అమ్మగారు లండన్లోనే ఉండిపోయారు. పక్షవాతం వచ్చాక నౌకర్లంతా ఒక్కొక్కరే జారుకున్నారు. ఇంకెక్కడా పని దొరకనోణ్ణి, నేనే మిగిలా మీకు.

నురగ కంట్లో పడిందా? ఉండండి, తుడుస్తా.

ఒక్కటే అడుగుతానండి. వచ్చే ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, రొట్టే ద్రాక్షరసం పంచే రోజు. మచ్చలేనోడని పాస్టరుగారిచ్చే సీసపు బిళ్ళ ఉన్నోళ్ళనే కదా బల్ల దగ్గర కూర్చోనిచ్చేది. కేసైన కాణ్ణించి నాకివ్వలేదు. నేను కూర్చున్న బెంచీ మీద ఇంకోడు కూర్చోడు. పక్కూరెళ్దామన్నా, నీకు బిళ్ళ ఇస్తున్నారా అని ముందు అదే అడుగుతారు. మరి నేనెక్కడికి పోను?

పాస్టరుగారు కింద కూర్చున్నారు. నేనే బతిమాలి పిలుచుకొచ్చా. మీరు చర్చి పెద్ద, పైగా నా కేసు నడిపినోరు. గావిన్ చెయ్యలేదని దొరగారు తల ఊపితే చాలు, బిళ్ళ ఇచ్చేస్తా అన్నారాయన. ఊపగలరు మీరు. పొద్దున జావ కావాలా అంటే ఊపారుగా.

ముందు నాకు ఊపి చూపించండి. గావిన్ చంపలేదు. ఊఁ?

అటెక్కడో చూస్తారేంటి, నన్ను చూడండి. పర్లేదు, నిదానంగానే. మెడ మీద కాస్త మిగిలింది. అది గీస్తుంటా, ఈలోపు ఆలోచించుకోండి.

ఏంటండీ, మెడ అలా వెనక్కి లాక్కుంటున్నారు? కత్తి తగల్లేదే.

ఓహో.

రోజూ గీస్తున్నా కదండీ ఈ మెడ. రోజూ ఇలాగే అనుకుంటున్నారా?

సరే సరే, భయపడకండి. ఇదిగో, కత్తి కిటికీ దగ్గర పెట్టేశా. కనపడుతోందా? చేతులు కూడా చూడండి, ఖాళీ.

పాస్టరుగారిని వెళ్ళిపొమ్మంటాలెండి. దొరగారు నిద్రపోయారని చెప్తా. ఆ కళ్ళు కాస్త మూసుకోండి మరి, నేను అబద్ధం చెప్పినట్టు కాకుండా ఉంటుంది.