ఉపాసం మడిని నిలిపిన జమున గారు

1990 అక్టోబరు 15వ తేదీన శ్రీమతి జమున గారు గోదావరిఖనిలో మన బొగ్గుగనుల సంస్థ స్టోర్సు విభాగంలో ఉపరితల కార్మికురాలిగా విధుల్లో చేరారు. అనారోగ్యంతో కన్నుమూసిన భర్త కొమురెల్లి గారి ఉద్యోగం వారికి వచ్చింది. అప్పటికి వారి చదువు పదో తరగతి. చేతిలో చంటిబిడ్డ. ఈ జూన్ 30న వారు పర్యావరణ విభాగం నుండి పదవీ విరమణ చేస్తున్నారు. వారు చేరిన రెండేళ్ల తర్వాత అదే స్టోర్సులో చేరి, ఇప్పుడు అదే పర్యావరణ విభాగంలో నర్సరీ సూపర్‌వైజరుగా ఉన్న నన్ను మన పత్రిక ఈ సంచికకు నాలుగు మాటలు రాయమన్నారు.

ఇలాంటి వ్యాసాల్లో ఆనందం, అభిమానం, గర్వం అనే మాటలు రాయడం మర్యాద. అవన్నీ నాకున్నాయి. కాని వాటన్నిటికంటే ఎక్కువగా అసూయ ఉంది. రోజూ పొద్దున దీపం పెట్టి కామక్రోధాలను తగ్గించమని దేవుణ్ని వేడుకునేవాణ్ని. వయసు వల్లనో, దయ వల్లనో కొన్ని తగ్గాయి. జమున గారి మీద మాత్సర్యం మాత్రం ఏ పూజకూ తగ్గలేదు. కారణాలు రాస్తాను, పెద్దలు విని న్యాయం చెప్పండి.

స్టోర్సులో బోల్టుల పెట్టెల మధ్య కూర్చొని, మధ్యాహ్నపు విరామంలో చదువుకొని, జమున గారు దూరవిద్యలో బీఎస్సీ పూర్తి చేశారు. వారిని చూసి నేనూ ఫీజు కట్టాను. వచ్చిన పుస్తకాలకు అట్టలు వేసి, పసుపు బొట్టు పెట్టి, దేవుడి అరలో పెట్టాను. ఇప్పటికీ అక్కడే భద్రంగా ఉన్నాయి. వారు మాత్రం 2004లో పర్యావరణ విభాగపు ప్రయోగశాలకు మారి, గనినీటి పరీక్షలతో మొదలుపెట్టి, క్రమంగా మట్టి పరీక్షల్లో అందరూ సలహా అడిగే స్థాయికి ఎదిగారు.

కొత్త సూక్ష్మదర్శిని వచ్చిన రోజున వారు నన్ను పిలిచి చూపించారు. "కన్ను దగ్గర పెట్టు తమ్మీ. మనం అద్దిన నీలిరంగుల దారాలు కనవడ్తున్నయా? గది వేరు కాదు, వేరు లోపల కాపురమున్న బూజు. మొక్క దానికి తీపి పెడ్తది, గది మొక్కకు మట్టిల సత్తువ తెచ్చిస్తది" అన్నారు. అణువణువునా దేవుడున్నాడని రోజూ చదివే నేను ఒక్క అణువునైనా దగ్గరగా చూసింది ఆ రోజే. ఒక సందేహం కూడా కలిగింది. "ఇంత చిన్న ప్రాణిని ఇంత శ్రద్ధగా చేసినోడు, అది కనవడే కన్ను మనకెందుకియ్యలేదక్కా?" అని అడిగాను. "అద్దం చేసుకునే తెలివి ఇచ్చిండు కదా. ఇంకెన్ని అడుగుతవ్?" అన్నారు. నా ప్రశ్నకంటే ఆ జవాబులోనే భక్తి ఎక్కువుందని ఇంటికి పోయే దారిలో తెలిసింది. అసూయకు అది మొదటి కారణం.

రెండో కారణం మట్టిగుట్ట. బొగ్గు మీదున్న మట్టినీ రాళ్లనూ తవ్వి పోసిన గుట్టలు మన ప్రాంతంలో అందరూ ఎరిగినవే. ఆ మట్టి పాతాళం నుండి వచ్చినది, దానిలో ప్రాణం తక్కువ. వాటి మీద నేను జామాయిల్, సుబాబుల్ నాటించి పచ్చగా చేశాను. దూరం నుండి చూస్తే బాగుంటుంది. దగ్గరకు పోతే ఒక్క పిట్ట అరుపు వినబడదు. 2021లో విశ్వవిద్యాలయం నుండి పరిశోధకురాలు హర్షిణి గారు వచ్చి, అడవిని తిరిగి తేవాలంటే ముందు అడవి మట్టిలోని జీవాన్ని తేవాలని ఇప్పుడు దేశదేశాల శాస్త్రవేత్తలు పరీక్షిస్తున్నారని చెప్పారు. గుప్పెడు మట్టిలో ఇంకా పేర్లు పెట్టని సూక్ష్మజీవులు ఎన్నో ఉన్నాయనీ, వాటి డీఎన్ఏ చదివి ఉనికి తెలుసుకుంటున్నారనీ వివరించారు.

జమున గారు గుట్ట మీద ఒక మడి కట్టించారు. మద్ది, మోదుగ, ఇప్ప, నెమలినార మొక్కలు నాటించారు. అనుమతితో తెచ్చిన అడవి మట్టిని సగం మొక్కల పాదుల్లో గుప్పెడు చొప్పున వేయించి, మిగతా సగానికి ఏమీ వేయకూడదన్నారు. తేడా కనబడితే అన్ని గుట్టల మీదా ఈ పద్ధతి పెడతామని, కనబడకపోతే మానేస్తామని పై ఆఫీసు చెప్పింది.

ఏడాది తిరిగేసరికి రెండు సగాలూ ఒకే తీరుగా పెరిగాయి. అడవి మట్టితో లాభం లేదని అందరం అనుకున్నాం. నా జామాయిల్ గౌరవం నిలిచిందని లోలోపల సంతోషించాను కూడా. జమున గారు మాత్రం ఏమీ వేయని సగం నుండి వేళ్లు తెచ్చి అద్దం కింద పెట్టారు. వాటిలోనూ నీలిదారాలున్నాయి. మరునాడు నర్సరీ ఆడవాళ్లు సద్దిగిన్నెలు విప్పిన వేళ వారి మధ్య కూర్చొని, "అటు సగానికి గూడ మట్టి ఎవరేసిన్రే?" అని మెల్లగా అడిగారు.

కూలీ లస్మవ్వ దాచలేదు. "నేనే ఏసిన అక్కా. గీ దిక్కు వాటికి కడుపునిండ పెట్టి, గా దిక్కు వాటిని మాడవెడ్తే దేవుడు సూసుకుంట ఊకుంటడా? అమాసకోసారి ఇంత అడవిమట్టి ఏసి, పసుపునీళ్లు సల్లిన."

"గంతే అక్కా, దాని ఇంటికాడ కోళ్లకు గూడ వంతులేసి గింజలు పోస్తది" అంది పక్కనున్న పూలమ్మ.

"నీకు వంతు తప్పిన్నాడు తెలుస్తది తియ్" అంది లస్మవ్వ.

నేనైతే ఆ రోజే లస్మవ్వను పనిలోంచి తీసేయమని రాసేవాణ్ని. జమున గారు నవ్వి, తమ గిన్నెలోంచి ఆమెకు కూర వడ్డించి, "ఒక పొద్దున్నోళ్లకు నువ్వు అన్నం పెడ్తవానే?" అని అడిగారు.

"అయ్యో, పాపం రాదా?"

"గా సగం ఒక పొద్దున్నది. అది ఉపాసముంటెనే గీ సగానికి పెట్టింది ఒంటికి పట్టిందో లేదో ఎరుకైతది."

లస్మవ్వ ఆ కూర అన్నంలో కలుపుకుంటూ, "గీ ముక్క ముందుగాల్నే చెప్తే ముట్టకపోదును గదక్కా" అంది. అప్పటి నుండి ఆ సగానికి ఉపాసం మడి అనే పేరు పడింది. నలభై ఏళ్లుగా శనివారాలు ఉపవాసం ఉంటున్నది నేను. ఆ మాట తట్టింది వారికి. దీన్ని ఎలా ఓర్చుకోమంటారు?

ఆ సాయంత్రమే వారు హర్షిణి గారికి ఫోను చేసి, మొదటి మడి లెక్కకు పనికిరాదని చెప్పారు. ఆమె పరిశోధన పట్టా, ఈ గుట్టల భవిష్యత్తు రెండూ దాని మీదే ఉన్నాయి. అయినా ఆమె "మళ్లీ పెడదాం మేడం" అన్నారట. 2023 తొలకరికి కొత్త మడి లేచింది. దానికి మూడు వానకాలాలు కావాలి. రెండు గడిచాయి. పాదుల్లో మట్టి వేసిన సగంలోకి ఇప్పటికే చీమలు, సీతాకోకచిలుకలు, పికిలిపిట్టలు వచ్చాయి. ఉపాసం మడి మాత్రం బక్కచిక్కి ఉంది. రోడ్డు మీదికి బాగా కనబడటం లేదు, ఎరువు వేసి పచ్చగా చేయమని ఒత్తిడి వచ్చినప్పుడల్లా జమున గారే పోయి ఆపారు. మూడో వానకాలం వారు వెళ్లిపోయిన తర్వాత వస్తోంది. ఈ నాలుగు నెలల్లో ఎవరైనా జాలిపడినా, తొందరపడినా అంతా మళ్లీ మొదటికి వస్తుంది.

సహజంగా ఆ కాపలా సూపర్‌వైజరునైన నాకే అప్పగిస్తారనుకున్నాను. పోయిన వారం వారు లస్మవ్వను గుట్ట మీదికి తీసుకుపోయి ఆమెకు అప్పగించారు. నేను ఊరుకోలేక అడిగాను. "నేనుండంగ దానికెందుకక్కా? ఒకసారి చెడగొట్టింది గదా."

"నీకు వాటి మీద జాలి లేదు తమ్మీ. జాలి లేనోడు రోజు పోయి చూడడు. గది రోజు చూస్తది, కడుపు తరుక్కపోతది, అయినా ముట్టది. ఏ మొక్కకు ఏమైందో దానికే ముందుగాల తెలుస్తది."

రెండు రోజులు కోపంగా ఉన్నాను. మూడో రోజు గుట్ట ఎక్కి చూస్తే, లస్మవ్వ ఉపాసం మడి గట్టున చేతులు కొంగులో చుట్టుకొని కూర్చొని ఉంది. వారు చెప్పింది నిజమే. నిజం కావడమే నాకు ఇంకా బాధగా ఉంది.

జమున గారికి మోకాళ్ల నొప్పి లేని నడక, కంటిచూపు తగ్గని ముసలితనం, కూతురి ఇంట మనుమల సందడి, నిండు నూరేళ్ల ఆయుస్సు ఇవ్వమని ఆ భగవంతుణ్ని ప్రార్థిస్తున్నాను. వానలు వెలిశాక వేళ్లు తవ్వే రోజున వారు మన మధ్య ఉండాలి. ఫలితం ఎటు వచ్చినా ఆ మాట వారి నోటనే వినాలి. అందాకా లస్మవ్వకు కూడా జ్వరం, జలుబు రాకుండా చూడమని నా రోజువారీ పూజలో కొత్తగా ఒక మాట కలిపాను. అది అడగడం నాకు కొంచెం కష్టంగానే ఉంది.