తెడ్డుకి ఆనించిన చెవి

ఏప్రిల్ నెల. అలాస్కా ఉత్తరపు కొసన మంచు చీలిన చోట తోలు పడవలు పెట్టుకుని తిమింగలాల కోసం కాచుకునే రోజులు. నీళ్ళకి చెవి ఒగ్గి తిమింగలం రాక చెప్పడంలో ఏమస్‌ని మించినవాడు లేడని ఊళ్ళో పేరు. అలాంటిది అతనుండగానే ఓ తిమింగలం పడవ కిందినుంచి లేచింది, జట్టు పెద్ద లూథర్ కొడుకు సైమన్ నీళ్ళలో పడ్డాడు. ఆ తర్వాత ఏమస్ తన అన్న లూథర్ ఇంటి గడప తొక్కడం ఇదే మొదలు. వంటింట్లో వదిన నోరా ఒక్కత్తే ఉంది.

"కూర్చోవయ్యా, గుమ్మంలో నిలబడి చలంతా లోపలికి రానిస్తావేం?"

"కూర్చోను వదినా. ఒక్క మాట అడిగి పోతా."

"నిలబడి అడిగే మాట ఎప్పుడూ మంచి మాట కాదు. కూర్చో."

"అన్నయ్య లేడా?"

"మంచు మీదే ఉన్నాడు. అదిగో, పొయ్యి పైన గడ్డం గీసుకునే అద్దం. వేట అయ్యేదాకా దానికి సెలవు."

"సైమన్... సైమన్‌కి ఎలా ఉంది?"

"నీకూ కొడుకేగా. ఆసుపత్రికి వెళ్ళి చూడకపోయావా?"

"మొహం చెల్లలేదు."

"కాఫీ అడుగుతున్నాడు, ఫలానా అమ్మాయి వచ్చిందా అని అడుగుతున్నాడు. బతికినట్టే. వేళ్ళకి తిమ్మిరి మాత్రం పోలేదు."

"నువ్వు ఆదివారం చర్చిలో లేచి ఏదో చెబుతావట."

"ఎవరన్నారు?"

"మా ఆవిడ."

"పొద్దున్న ఇళ్ళ మధ్య మాట్లాడుకునే రేడియోలో ఊరందరికీ నేనే చెప్పానుగా. నువ్వు వినలేదా?"

"మా రేడియో పాడైంది."

"పాపం. మీ ఆవిడ ఒక్కదానికే బాగా పలికినట్టుంది."

"వదినా, ఏం చెబుతావు చర్చిలో?"

"మగాళ్ళు పడవలో ఉండగా జట్టు పెద్ద ఇంటావిడ కత్తెర ముట్టకూడదు కదా. ముట్టానని చెబుతాను. అందుకే తిమింగలానికి మన మీద కోపం వచ్చిందని."

"ముట్టావా?"

"ఊళ్ళో ఆడవాళ్ళంతా అదే అంటున్నారుగా."

"ముట్టావా అని అడుగుతున్నాను."

"లేదు. రోజంతా ఈ కుర్చీలోనే, చేతులు ఒళ్ళో పెట్టుకుని. గట్టిగా దగ్గలేదు కూడా."

"మరి దేవుడి ముందు నిలబడి అబద్ధం చెబుతావా?"

"ఎవరో ఒకరు మొయ్యాలిగా."

"నువ్వు చెప్పకూడదు."

"ఎందుకు?"

"చెప్పకూడదు. అంతే."

"ఎందుకో చెప్పు, మానేస్తాను. నా నోటికేసి అలా చూస్తావేం ఏమస్?"

"ఏం లేదు. ఆ రోజు గాలి..."

"గాలి లేదు. ఆకు కదలనంత నిశ్శబ్దం అని సైమన్ చెప్పాడు. ఆకులెక్కడున్నాయిరా ఇక్కడ అని నేనూ నవ్వాను."

"గాలి అంటే, అంత కాదు, కొంచెం..."

"ఏమస్! తెడ్డు నీళ్ళలో ముంచి పిడి చెవికి ఆనిస్తే తిమింగలం పాట దవడ ఎముకలో మోగుతుందనీ, దాని గొంతు ముందు ఉరుము దిగదుడుపేననీ నేను కాపరానికొచ్చినప్పటి నుంచీ చెబుతున్నావు. అంత నోరున్న జంతువు మన పడవ కిందికే వచ్చింది. మీ అన్నయ్యతో ఏమన్నావు?"

"ఏమీ లేదన్నాను."

"విని అన్నావా?"

"విన్నాను. అంటే... తెడ్డు ముంచాను. చెవి పెట్టాను. పెట్టాను వదినా, ఎప్పట్లాగే పెట్టాను."

"పెడితే?"

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. చాలా? ఇంకా చెప్పించుకుంటావా?"

"చెప్పు."

"నాకు వినబడదు. ఈ ఏడే కాదు, పోయినేడూ వినబడలేదు. తెడ్డు చేతిలో వణికితే ఉందనేవాణ్ణి, లేకపోతే లేదనేవాణ్ణి. ఆ రోజు చలికి నా చెయ్యే వణుకుతోంది. అందరూ ఊపిరి బిగబట్టి నా మొహంలోకి చూస్తున్నారు. నాన్న చెవి వీడికే వచ్చిందంటారు నన్ను. తెలీడం లేదని ఏ నోటితో చెప్పను? లేదన్నాను. సైమన్ సరే చిన్నాన్నా అని నవ్వి, కాళ్ళు తిమ్మిరెక్కాయని లేచి నిలబడ్డాడు. వాడు నిలబడ్డాడు, పడవ లేచింది."

"ఊరుకో."

"సిగ్గుతో చచ్చిపోతున్నాను వదినా. నా సిగ్గు నువ్వు మొయ్యకు. కాళ్ళు పట్టుకుంటాను. ఆదివారం నేనే లేచి చెబుతాను."

"సరే, సరే. కళ్ళు తుడుచుకో. కాఫీ పోస్తాను, ఉండు."

"నాకేం వద్దు. అటు పొయ్యి వైపు తిరక్కు, మాట ఇవ్వు. వదినా?"

"వీపు నీ వైపుంది కాబట్టి ఇది నీకు వినబడదు. వినబడదు కాబట్టే చెబుతున్నాను. పోయిన క్రిస్మస్ విందులో నీ వెనకే నిలబడి పిలిచాను. మళ్ళీ పిలిచాను. తిరగలేదు నువ్వు. ఎదుటివాళ్ళ నోరు చూస్తేనే నీకు మాట అందుతుందని నాకప్పుడే తెలిసిపోయింది. మీ అన్నయ్యకి చెబితే నిన్ను పడవలోంచి దింపేస్తాడు, నలుగురిలో నీ తల వంగుతుందని నోరు మూసుకున్నాను. నోరు మూసుకుని కన్నకొడుకుని నీ పక్కన కూర్చోబెట్టాను. వాడికీ చెప్పలేదు. వాడు పడ్డాడని రేడియోలో వినగానే ముందు గుర్తొచ్చింది నువ్వే. కత్తెర సంగతి అబద్ధమే ఏమస్, తప్పు నాదన్న మాట మాత్రం అబద్ధం కాదు. ఆ... పంచదార ఎంత వెయ్యను?"

"ఒక్క చెంచా చాలు వదినా. ఆదివారం ఇద్దరం లేచి నిలబడదాం. అన్నయ్య అద్దంలో నీ నోరు కనబడుతోంది."