మోచేతి మడతలో కొట్టుకున్న ధమని

1984 అక్టోబరు ఒకటో తేదీన, పాదువా నగరాన్ని పొగమంచు ఇంకా వీడని ఉదయవేళ, డాక్టర్ ఎర్మెలిండా స్కపీన్ గారు మా శరీరనిర్మాణ శాస్త్ర విభాగంలో సహాయ అధ్యాపకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. 1997 నుంచి శవవిచ్ఛేదన శాలలో పరిచారకుడిగా వారి పక్కన నిలబడే భాగ్యం నాకు దక్కింది.

వారి తొలి పరిశోధన వైద్యపదాల పుట్టుక మీద సాగింది. మరణించినవారి ధమనులు ఖాళీగా కనిపించడంతో వాటిలో గాలి పారుతుందని భ్రమించిన ప్రాచీన గ్రీకులు ఆ భ్రమనే ‘ఆర్టరీ’, అంటే గాలిగొట్టం, అన్న పేరుగా మిగిల్చారనీ, మెదడును అంటిపెట్టుకున్న పలుచని పొరను అరబ్బు వైద్యులు ‘మెత్తని తల్లి’ అన్నారనీ వారు బోధిస్తుంటే, గుడ్డ కప్పిన బల్లలు కూడా చెవియొగ్గినట్టు ఉండేది. “ఈ పేర్లన్నీ పోయినవాళ్లు చెబితే మనం రాసుకున్నవే. కొన్ని సరిగ్గా వినలేదు, అంతే,” అనేవారు.

ఆచార్య పదవి చేపట్టాక వారు దేహవైవిధ్యాల పట్టికను ఆరంభించారు. అదనపు పక్కటెముక, కుడివైపు గుండె, రెండుగా చీలిన మూత్రనాళం ఏవీ వారి దృష్టిని దాటిపోలేదు. కత్తి పట్టే ముందు ప్రతి దేహం నుదుటిపై అరచేయి ఉంచి అనుమతి కోరడం వారి నియమం. జవాబు వచ్చేదాకా ఆగినట్టే ఆగేవారు.

2006 నవంబరులో జరిగిన సంగతిని నేను చెప్పకుండా ఉండలేను. ఒక వృద్ధుని దేహంలో, మోచేతి మడత వద్ద, సిర ఉండవలసిన చోట చర్మం కిందనే ధమని బయటపడింది. దీపం సరిచేస్తున్న నా చేతిమీద వారి చూపు నిలిచిపోయింది.

“ఆల్వీజె, ఇలా రా. ఇదేంటి, ఇక్కడ కొట్టుకుంటోంది?”

“చిన్నప్పట్నుంచీ అంతే డాక్టర్‌గారూ. మా నాన్నకీ ఉండేది. గట్టి నరం అనేవాడు.”

“నరమా నీ మొహమా! ఇది ధమని. పొరపాటున మందు ఇందులోకి ఎక్కిందనుకో, వేళ్లు నల్లబడి చెయ్యే పోతుంది.”

నా చేయి, బల్లమీది వృద్ధుని చేయి పక్కపక్కన ఉన్నాయి. అదే వంపు, అదే మలుపు. ఒకటి మాత్రమే కొట్టుకుంటోంది. నాకు ఆరేళ్లప్పుడు ఇల్లు విడిచిన నాన్న మళ్లీ కనబడలేదు. గుడ్డ కప్పిన ఆ ముఖం వైపు చూశాను.

“ఆ గుడ్డ తియ్యమంటారా?”

“తియ్యకు. వందలో ముగ్గురికి ఉంటుందిది. ఇదే రుజువనుకుంటే సగం పాదువా నీకు చుట్టాలే!” అన్నారు. నవ్వించాలనే అన్నారు గాని, ఆ గుడ్డ అంచును తామే మరోసారి సరిచేశారు.

మరో ఎనిమిది రోజుల్లో నాకు పిత్తాశయ శస్త్రచికిత్స. ఆ ఉదయం వారు పిలవకుండానే ఆసుపత్రికి వచ్చి, నా రెండు మోచేతుల మీదా ఊదా సిరాతో గుర్తులు పెట్టారు. కాసేపటికి వచ్చిన నర్సు ఆ సిరాను స్పిరిట్‌తో తుడిచేసి, “అబ్బ, ఎంత లావు నరమో! అదృష్టవంతులండీ,” అంటూ సూది ఎత్తింది.

స్కపీన్ గారి చేయి అడ్డుపడింది. “ముందు వేలు పెట్టి చూడమ్మా.”

వేలు పెట్టిన ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. సూది పళ్లెంలో పడిన చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంది. నా కుడిచేయి నాకు మిగిలింది. ఈ వ్యాసం దానితోనే రాస్తున్నాను.

వసంతంలో దేహదాతల సంస్మరణ సభ జరిగింది. ఒక్కొక్కరి పేరే చదువుతుండగా, “ఒనోరియో బెల్లాన్, వడ్రంగి, బంధువులు లేరు,” అన్నచోట వారు నా మోచేతిని మెల్లగా నొక్కారు. ఆనాటి బల్లమీది వృద్ధుడు ఈయనే; మా నాన్న కారు, పేరే వేరు. నాకు కలిగింది ఊరటో నిరాశో నేటికీ తెలియదు. ముందుకు వెళ్లి, ఆ అపరిచితుని చితాభస్మాన్ని నేనే అందుకున్నాను.

నలభై సంవత్సరాల నిష్కళంక సేవ అనంతరం పదవీ విరమణ చేస్తున్న వారు, నిన్న భోజనాల వేళ తమ దేహాన్నీ ఈ విభాగానికే రాసిచ్చిన పత్రాన్ని నా చేతిలో పెట్టారు. “తొందరేం లేదులే, ఆల్వీజె,” అన్నారు. ఆ పత్రం మా బీరువాలో దశాబ్దాల తరబడి పసుపుబారి, అంచులు చిరిగి, అక్షరాలు వెలిసి, చదవడానికి వీల్లేనంత పాతబడాలనీ, అంతకాలమూ వారు భర్త గల్దీనో గారితో కలిసి ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలనీ మనసారా కోరుకుంటున్నాను.