పక్కన పెట్టిన చేప

హలో… ఆ, రాజమల్లునే. ఎవరు?… ఓ నూకరాజన్నా! వైజాగ్‌ల నీ బోటు నిన్ననే గద దిగినం, అప్పుడే యాదికొచ్చినమా?

…ఆ, పొద్దుగాల వరంగల్‌ల రైలు దిగినం. నలుగురం మంచిగనే వచ్చినం. నాకైతే ఇంకా మంచం ఊగుతాంది… నవ్వకన్నా. చెరువుల చేపలు పట్టెటోన్ని ఒడ్డు కనపడనంత దూరం తోల్కపోతివి. మీద ఎండ, కింద నీళ్లు సుత వెచ్చగనే. సగం సేపు కక్కుడే. అయినా ఆ వంజరం గాలం గుంజినప్పుడు… అబ్బ! చేతులు ఇంకా సలుపుతానయి. వచ్చే ఎండాకాలం సుత నీ బోటే కిరాయికి మాట్లాడుకుంటం—

ఏంది?… బకెటా? ఏ బకెట్?

…వెనక, ఇంజన్ పక్కన… ఆ, చూసినట్టే ఉన్న. ఎందుకు?

…లేదు లేదు. అండ్ల చేపను నేనెందుకు తీస్త? వంజరం, ఇంక ఆ ఎర్ర చేపలు… గవ్వే. థర్మాకోల్ డబ్బాల ఐసేసి నువ్వే గద సర్దిచ్చినవ్…

గింత దానికి ఒట్టేందన్నా?… బోటు కడుగుతాంటే ఖాళీగ కనపడ్డదా? కాకులు ఎత్కపోయినయేమో—

…

అన్నా, ఎందుకట్ల ఒర్రుతానవ్?

…సరే. సరే, నేనే తీసిన. కోప్పడకు. గాలానికి పడంగనే బంతి లెక్క ఉబ్బింది గద అది. బోట్లకు గుంజంగనే దారం కొరికిపారేసింది, మళ్ల నీళ్లల్ల ఏస్తే ఇంకో గాలం కొరుకుతది, ఒడ్డుకు పోయినంక పాతిపెడత, ముట్టొద్దు అన్నవ్. ఇన్న. కానీ ఒత్తి చూస్తే దాని కడుపు నిండ జన ఉండె అన్నా… గుడ్లు! మా దిక్కు చేప జన అంటే పానమిస్తరు. గంత జన మట్టిపాలు చేస్తడా ఈయన అనిపించింది. దోస్తులకు సుత చెప్పకుంట సంచిల ఏసుకున్న. ఒక్క చేప దానికి—

ఏందీ?

…మళ్ల చెప్పు.

…విషమా? దేంట్ల?… జనలనా?

…పరాచికాలాడకన్నా.

…పచ్చిది కాదు, మా ఆమె నూనెల ఎర్రగ ఏంచింది. ఏంచితే పోతది గద?… పోదా?… ఎంత ఏంచినా?

ఓ దేవుడా.

…నేను తినలే. నాకింకా కడుపుల తిప్పుతాంది, పొద్దటి సంది చాయ్ తప్ప ఏం ముట్టలే. నేను కాదన్నా… నా బిడ్డ! నవ్య! హనుమకొండల బడిల టీచరు. చిన్నప్పటి సంది జన అంటే పానం దానికి. దాని కోసమే తెచ్చిన. టిఫిన్ డబ్బాల పెట్టి పక్కింటి తిరుమల ఆటోల పంపిన… అరగంట ఐతాంది. తిరుమల ఇచ్చి వాపస్ సుత వచ్చిండు… వాళ్లకు పన్నెండున్నరకు అన్నం బెల్లు. ఇప్పుడు—

పన్నెండు ఇరవై ఐదు అన్నా!

భవానీ! ఓ భవానీ! జెల్ది రా, నీ ఫోన్ తీస్కరా! నవ్యకు కొట్టు! ఆ జన ముట్టుకోవద్దని చెప్పు… ఎందుకేందే, అది విషపు చేపనట! కొట్టు ముందుగాల!

…ఆ, ఉన్న అన్నా. లైన్లనే ఉన్న. నువ్వు పెట్టకు. తింటే ఏమైతది? దాచకు, చెప్పు… పెదవులు తిమ్మిరెక్కుతయి… నాలిక… తర్వాత కాళ్లు చేతులు… ఊపిరి—

వద్దు. ఇంక చెప్పకు.

భవానీ, ఎత్తిందా?… ఎత్తుతలేదా? క్లాసుల ఉంటే సైలెంట్ల పెడతది. బడి ఆఫీసుకు కొట్టు! గోడకు బడోళ్ల కాలెండర్ ఉన్నది సూడు, దాని మీద నంబరుంటది!

…నాకు బుద్ధి లేదన్నా. సముద్రం మీద పుట్టి పెరిగినోనివి ముట్టొద్దన్నవంటే ఏదో ఉంటదనుకోవాలె గద. ఈ సముద్రపోళ్లకు జన రుచి తెల్వదనుకున్న. నువ్వు విషం అని ఒక్కమాట ఎందుకు చెప్పలే?… చెప్పినవా? ఎప్పుడు?… నేను కక్కుతాంటెనా… నాకు ఇనపడలేదన్నా, నిజంగ ఇనపడలే…

ఎత్తిండ్రా? స్పీకర్ల పెట్టు. నువ్వే మాట్లాడు, స్టాఫ్ రూంకు ఉర్కమను!… ఏమంటాండ్రు?… బెల్లు కొట్టిండ్రా?

సమ్మక్క తల్లీ, నా బిడ్డ… నా బిడ్డను కాపాడు తల్లీ…

అన్నా, ఏమన్న మాట్లాడు. నాకు భయమైతాంది.

…ఆ! నవ్యా! తిన్నవా బిడ్డా?… మూత తీయలేదా? ఖరారుగనా?… తీయలేదన్నా! మూతే తీయలే! పిల్లల నోట్‌బుక్కులు దిద్దుకుంట కూసున్నదట!

…ఏడ్తలేను. ఏడ్తాన, ఏడిస్తే ఏంది.

బిడ్డా, బడెనుక లోతుగ గుంత తీపిచ్చి పాతిపెట్టు. కుక్కలకు సుత ఏయొద్దు. చేతులు సబ్బుతోని కడుక్కో… ఏంది?… అమ్మ మాటనా? ముద్దగ వస్తాందా?… ఏడుపు గొంతు గద బిడ్డా, భయపడ్డది. అంతే.

…చెప్పన్నా… ఇంకెవ్వలు తినలే. ఇంట్ల మేం ఇద్దరమే… వండినామెనా? నేను తినందే ఆమె ముద్ద ముట్టది…

…ఉప్పా?

భవానీ. ఏంచేటప్పుడు ఉప్పు చూసినవా?

…ఎంత?

…చూసిందట అన్నా. ఉప్పు తక్కువైందని కలిపి, మళ్లొక్కసారి సుత చూసిందట.

భవానీ, పెదవులెందుకట్ల రుద్దుకుంటానవ్?… ఎప్పటి సంది?… మరి నాకెందుకు చెప్పలేదే! బిడ్డ సంగతి తేలినంక చెప్దామనుకుంటివా?… కూసో. గోడకు ఆనుకో. చేతులు లేస్తలేవా?… ఏం కాదు. ఏం కాదే, నేనున్న.

తిరుమలా! ఓ తిరుమలా! ఆటో తియ్యి! దవాఖానకు!

…ఇంటాన, చెప్పన్నా… ఏం తాపొద్దు… పెద్ద దవాఖానకే… ఊపిరి మిషన్ ఉన్నకాడికే… మీ ఊర్ల ఒకామె బతికిందా? మిషన్ పెడితే బతికిందా?… నిజంగ చెప్తానవా అన్నా?

ఫోన్ జేబుల ఏస్తాన. రెండు చేతులతోని ఎత్తుకోవాలె ఈమెను. నువ్వు కట్ చేయకన్నా, నీకు దండం పెడత. ఆడ డాక్టర్ అడిగితే నువ్వే చెప్పాలె… నాకు ఆ చేప పేరు సుత తెల్వది.